విమాన ప్రయాణంలో నమాజు, రోజా

కడప జిల్లా నుంచి బతుకుతెరువు కోసం కువైట్ వెళ్లేవారు ఎందరో ఉన్నారు. చిలమకూరు, ఎర్రగుంట్ల, ప్రొద్దుటూరు వైపు ముస్లిం ఇళ్లలో ప్రయాణం దగ్గర పడగానే తలెత్తే ప్రశ్న ఒకటుంది: “విమానంలో అయిదు గంటలే కదా! దానికి కూడా ఖస్ర్ ఉందా?”

ఉంది. ప్రయాణికుడు నమాజును కుదించుకోవచ్చని దివ్యఖుర్ఆన్ (4:101) అనుమతించింది. ధర్మవేత్తలు లెక్కలోకి తీసుకున్నది దూరాన్నే గాని, అలసటను కాదు. హనఫీ పండితుల్లో ప్రసిద్ధమైన లెక్క 48 మైళ్లు, అంటే సుమారు 77 కిలోమీటర్లు. హైదరాబాద్ నుంచి కువైట్‌కు ఆకాశమార్గాన దాదాపు 3,400 కిలోమీటర్లు. కనుక సందేహానికి తావు లేదు.

పనిమీద చిలమకూరు నుంచి కడప దాకా వెళ్లి వచ్చేవాడు ముసాఫిర్ కాడు. అదే మనిషి కువైట్ సంకల్పంతో బయలుదేరితే, ఊరి ఇళ్లు దాటగానే ముసాఫిర్ అవుతాడు. దారిలో జుహర్, అసర్, ఇషా ఫర్జ్‌లు రెండేసి రకాతులు చేస్తాడు. ఫజర్, మగ్రిబ్ మారవు. కువైట్‌లో పదిహేను రోజులు, అంతకుమించి ఉండే ఉద్దేశంతో దిగినవాడు అక్కడ పూర్తి నమాజే చేయాలి. సెలవుపై వారం రోజులకే వచ్చినా సొంత ఊళ్లో ఖస్ర్ లేదు.

ఇక రోజా సంగతి. కువైట్ గడియారం మనకంటే రెండున్నర గంటలు వెనుక. మార్చి నడుమ చిలమకూరులో సాయంత్రం సుమారు 6.30కి సూర్యాస్తమయం. కువైట్‌లో అక్కడి సమయం దాదాపు 6, అంటే మన గడియారంలో 8.30. ఇక్కడ సహరీ తిని పగటి విమానమెక్కినవాడి రోజా రెండు గంటలు పెరుగుతుంది. “మా ఊళ్లో మగ్రిబ్ అయిపోయింది” అని ఇఫ్తార్ చేస్తే ఆ రోజా చెల్లదు. తానున్న చోట సూర్యుడు అస్తమించాలి. విమానం పది పదకొండు కిలోమీటర్ల ఎత్తులో ఉంటే, కింద నేలమీద చీకటి పడ్డాక కూడా పది నిమిషాలకు పైగా సూర్యుడు కనిపిస్తాడు. కిటికీలోంచి కనిపిస్తున్నంతసేపు ఆగాల్సిందే. తిరుగు ప్రయాణంలో రోజా రెండు గంటలు తగ్గుతుంది. దానికి ఖజా అక్కర్లేదు.

ప్రయాణికుడు రోజా వాయిదా వేసుకుని తర్వాత పూర్తి చేసుకోవచ్చు (2:185). అయితే ఫజర్ వేళకు ఇంట్లోనే ఉన్నవాడు ఆ రోజు రోజా మానకూడదని హనఫీ పండితుల మాట. తెల్లవారకముందే ఊరు దాటినవాడికి ఈ నిబంధన లేదు. ఈ సంగతి తెలియక అనవసరంగా అవస్థ పడేవారున్నారు.

నెలవంక తేడా మరొకటి. కువైట్‌లో ఒకరోజు ముందు రమజాన్ మొదలుపెట్టి, నెలాఖరుకు ఇంటికి చేరినవాడికి 31వ రోజా రావచ్చు. ఊరివాళ్లతో కలిసి అదీ ఉండాలి. ఇక్కడ మొదలుపెట్టి అక్కడికి వెళ్లినవాడు 28 రోజాలకే ఈద్ చూస్తే, వారితో కలిసి పండుగ చేసుకుని, తక్కువైన ఒక్కటీ తర్వాత ఖజా చేసుకోవాలి.