స్టార్ పోతోందట, మరి మా పిల్లల సంగతేంటి?

ఏప్రిల్ వచ్చిందంటే ఫ్రిస్కో, ఇర్వింగ్, కేటీ వైపు తెలుగు ఇళ్లలో ఒకటే మాట: స్టార్. టెక్సస్ ప్రభుత్వ బడుల్లో మూడో తరగతి నుంచి పెట్టే రాష్ట్ర పరీక్ష అది. 2025 సెప్టెంబరులో గవర్నర్ గ్రెగ్ ఆబట్ సంతకంతో చట్టమైన హౌస్ బిల్ 8 దాన్ని తీసేస్తోంది. "పరీక్షలే ఎత్తేశారట" అని ఒకరు, "ఇకమీద ఏడాదికి మూడట" అని ఇంకొకరు. మా వాట్సాప్ గ్రూపులో ఎక్కువగా వచ్చిన ప్రశ్నలు, వాటికి జవాబులు ఇవి.

స్టార్ నిజంగా పోతోందా? ఎప్పటినుంచి?

పోతోంది, కానీ 2027-28 విద్యా సంవత్సరం నుంచి. అప్పటిదాకా పిల్లలు రాసేది స్టారే. ఆ తర్వాత ఏడాది మొదట్లో ఒకటి, మధ్యలో ఒకటి, చివర్లో ఒకటి, మూడు చిన్న పరీక్షలు. క్వార్టర్లీ, హాఫ్ ఇయర్లీ, యాన్యువల్ రాసి పెరిగిన మనకు ఇది వింతేమీ కాదు. ఫలితాల కోసం వారాల తరబడి కాచుకోనక్కర్లేకుండా రెండు రోజుల్లో ఇవ్వాలన్నది కొత్త చట్టం పెట్టిన షరతు. స్టార్‌కు ముందు బడులు తమంతట తాము పెట్టే బెంచ్‌మార్క్ పరీక్షలకూ (మన ప్రీ-ఫైనల్స్ అనుకోండి) చాలామటుకు అడ్డుకట్ట పడింది. నా మటుకు ఈ బిల్లులో పిల్లలకు నిజంగా ఊరట ఇచ్చేది ఇదే. మూడో తరగతి పిల్ల ఫిబ్రవరి అంతా మోడల్ పేపర్లు దిద్దుకుంటూ కూర్చోవడం చూసినవాళ్లకు ఆ సంగతి తెలుసు.

పూర్తిగా ఎత్తేయొచ్చు కదా?

ఆ అధికారం ఆస్టిన్‌లోని శాసనసభకు లేదు. మూడు నుంచి ఎనిమిదో తరగతి దాకా ఏటా రీడింగ్, గణితం, హైస్కూల్లో ఒకసారి, ఇవికాక కొన్ని తరగతుల్లో సైన్సు పరీక్షించాలన్నది 2015 నాటి కేంద్ర చట్టం. రాష్ట్రం మార్చగలిగింది పరీక్ష రూపం, దాంతో బడికి వేసే గ్రేడు. అసలు గొడవంతా ఈ గ్రేడు దగ్గరే. 2025 మామూలు సమావేశాల్లో ఇదే పనికి తెచ్చిన హౌస్ బిల్ 4 రెండు సభలకూ పొత్తు కుదరక చచ్చిపోయింది. ప్రత్యేక సమావేశంలో మళ్లీ ప్రాణం పోశారు.

మా వాడు తప్పితే పై తరగతికి పంపరా?

పంపుతారు. ఐదు, ఎనిమిది తరగతుల్లో స్టార్ తప్పితే అక్కడే ఆపేసే నిబంధన ఒకప్పుడు ఉండేది. 2021లో హౌస్ బిల్ 4545 దాన్ని తీసేసింది. ఇప్పుడు తప్పినవాళ్లకు ఆ సబ్జెక్టులో అదనపు బోధన పెట్టాలి, సాధారణంగా 15 గంటలు, బాగా వెనకబడితే 30. ఇది మీ వాడి హక్కు కూడా. బడి మరిచిపోతే మీరే అడగండి. ఇంట్లో చెప్పుకుంటాం, అక్కర్లేదు అనుకుంటే రాతపూర్వకంగా వద్దనొచ్చు.

మరి ఈ మార్కులు ఎవరి మెడకు చుట్టుకుంటాయి?

బడి మెడకు. మన టెన్త్ పబ్లిక్ పరీక్ష పిల్లాణ్ని తూస్తుంది. ఇది పిల్లాడి చేత బడిని తూయిస్తుంది. మనవాళ్లకు ఒక పట్టాన ఎక్కనిది ఈ తేడాయే.

ప్రతి బడికీ, ప్రతి స్కూల్ డిస్ట్రిక్టుకూ 'ఏ' నుంచి 'ఎఫ్' దాకా గ్రేడు ఉంటుంది. పిల్లలు ఎంత నేర్చారు, నిరుటికంటే ఎంత పెరిగారు అన్న రెండింటిలో ఏది మెరుగైతే దానికి 70 శాతం. పేద పిల్లలు, ఇంగ్లిషు నేర్చుకుంటున్నవాళ్లు, ప్రత్యేక అవసరాలున్నవాళ్లు వంటి వర్గాలు ఎలా చదువుతున్నాయన్నదానికి మిగతా 30. హైస్కూలైతే గ్రాడ్యుయేషన్ శాతం, కాలేజీకో ఉద్యోగానికో పిల్లలు ఎంత సిద్ధమయ్యారన్నదీ కలుస్తాయి. ఎలిమెంటరీ బడికి అవేవీ లేవు. మూడు, నాలుగు, ఐదు తరగతుల పిల్లలు ఆ ఒక్క పరీక్షలో ఏం రాస్తే దాదాపు అదే ఆ బడి జాతకం.

ఒకే బడికి వరసగా ఐదేళ్లు తప్పిన గ్రేడు వస్తే ఆ బడిని మూసేయాలి, లేదా మొత్తం డిస్ట్రిక్టుకు ప్రజలు ఎన్నుకున్న బోర్డును పక్కనపెట్టి రాష్ట్రం తన మనుషుల్ని కూర్చోబెట్టాలి. ఈ నిబంధన 2015 నాటిది. 2023 జూన్‌లో హ్యూస్టన్ డిస్ట్రిక్టును రాష్ట్రం చేతిలోకి తీసుకున్నది దీన్ని పట్టుకునే. అంత పెద్ద డిస్ట్రిక్టు చేతులు మారడానికి వీట్లీ అనే ఒక్క హైస్కూలు గ్రేడ్లు సరిపోయాయి.

అందుకే డిస్ట్రిక్టులు కోర్టుకెక్కాయి. హైస్కూళ్లలో 'కాలేజీకి సిద్ధం' లెక్కలో 'ఏ' రావడానికి 60 ఉండే గీతను రాష్ట్ర విద్యాశాఖ ఒక్కసారిగా 88కి జరిపింది. ఆట మొదలయ్యాక బౌండరీ జరపడమేమిటని వాళ్ల వాదన. కేసుల మూలంగా 2023 గ్రేడ్లు 2025 ఏప్రిల్‌కు గానీ బయటికి రాలేదు, 2024వీ 2025వీ ఆగస్టు 15న ఒకేసారి వచ్చాయి. హౌస్ బిల్ 8 ఇలా కోర్టుకెళ్లే దారిని బాగా ఇరుకు చేసింది. పరీక్ష తయారుచేసేదీ, గీత గీసేదీ, గ్రేడు వేసేదీ ఒకే చేయి అయినప్పుడు, ఆ చేతిని ప్రశ్నించే దారి మూయడం నాకు మింగుడుపడలేదు.

పరీక్ష మానిపించేయొచ్చా?

టెక్సస్‌లో ఆ హక్కు లేదు. మత, నైతిక కారణాలతో పిల్లల్ని ఏదైనా పాఠం నుంచి తాత్కాలికంగా తప్పించొచ్చని విద్యా చట్టం చెబుతూనే, పరీక్ష ఎగ్గొట్టడానికి అది కుదరదని పక్కనే రాసింది.

ఇండియా నుంచి పదో తరగతి అయ్యాక వచ్చాం. హైస్కూలు పరీక్షలన్నీ రాయాలా?

గ్రాడ్యుయేషన్‌కు ఐదు ఎండ్ ఆఫ్ కోర్స్ పరీక్షలున్నాయి: ఆల్జీబ్రా 1, బయాలజీ, యూఎస్ హిస్టరీ, ఇంగ్లిష్ 1, ఇంగ్లిష్ 2. కొత్త చట్టం ఇంగ్లిష్ 2ను తీసేస్తోంది. ఇక్కడి ప్రభుత్వ బడిలో చేరకముందే ఆ కోర్సు చదివి ఉండి, డిస్ట్రిక్టు దానికి క్రెడిట్ ఇస్తే, ఆ పరీక్ష రాయనక్కర్లేదు. కాబట్టి మార్కుల మెమోలు, సిలబస్ కాగితాలు సూట్‌కేసు అడుగున పెట్టకండి, చేరే రోజే బడి కౌన్సెలర్ చేతిలో పెట్టండి. ఒకటి రెండు పరీక్షలు తప్పినా, బడిలో ఒక కమిటీ పిల్లాడి మిగతా చదువు చూసి గ్రాడ్యుయేషన్‌కు ఒప్పుకునే వీలుంది.

ఫారంలో ఇంటి భాష తెలుగు అని రాస్తే నష్టమా?

మా అమ్మాయిని కిండర్‌గార్టెన్‌లో చేర్చిన రోజు ఆ గడి దగ్గర నా పెన్ను ఆగింది. ఇంట్లో ఎక్కువగా మాట్లాడే భాష ఏది? పక్క కుర్చీలో ఉన్నావిడ "ఇంగ్లిష్ అని రాసెయ్యండి, లేకపోతే ఏటా ఇంకో పరీక్ష" అని మెల్లగా హెచ్చరించింది. ఆవిడ చెప్పింది అబద్ధం కాదు. తెలుగు అని రాస్తే ఇంగ్లిషు ఎంత వచ్చో చూస్తారు. తక్కువని తేలితే, సరిపడా వచ్చిందనేదాకా ఏటా టెల్పాస్ అనే పరీక్ష. వినడం, మాట్లాడటం, చదవడం, రాయడం. నేను తెలుగనే రాశాను. రెండో తరగతి నుంచి రెండేళ్లు మా పిల్ల వసంతంలో హెడ్‌సెట్ పెట్టుకుని మైకులో బొమ్మల గురించి చెప్పొచ్చింది. దానికి అదో ఆట. ఇంగ్లిషు సాయం వద్దని మీరు సంతకం పెట్టినా టెల్పాస్ మాత్రం తప్పదు. స్టార్ తెలుగులో దొరకదు. ఇంగ్లిషు కాక స్పానిష్‌లో మాత్రమే ఉంది, అదీ మూడు నుంచి ఐదో తరగతి వరకే.

'ఏ' బడి ఉన్నచోటే ఇల్లు కొనాలా?

ఇంటి వేటలో మనవాళ్లు వంటగదికంటే ముందు చూసేది ఇదే. గ్రేడు మాత్రమే చూడకండి. పెరుగుదల దగ్గర ఎన్ని మార్కులు వచ్చాయో విడిగా ప్రకటిస్తారు, అది చూడండి. బాగా చదివే ఇళ్ల పిల్లలు చేరితే బడికి 'ఏ' రావడం పెద్ద విశేషం కాదు.

మాకు ఓటు లేదు, హెచ్-1బీ మీద ఉన్నాం. మా మాట ఎవరు వింటారు?

శాసనసభ రెండేళ్లకోసారి, బేసి సంవత్సరాల్లో, 140 రోజులు కూర్చుంటుంది. ఈసారి 2027 జనవరిలో, అంటే కొత్త పరీక్షలు మొదలవకముందే. విద్యా కమిటీల విచారణల్లో పేరు నమోదు చేసుకుని కొద్ది నిమిషాలు మాట్లాడొచ్చు. వంతు వచ్చేసరికి అర్ధరాత్రి అయినా అవుతుంది, తినడానికేమైనా పట్టుకెళ్లండి.