మోటారు పెద్దదైతే పడవ పరుగెత్తుతుందా?

ప్రశ్న: నంద్యాల జిల్లా వెలుగోడు జలాశయంలో 16 అడుగుల ఫైబర్ పడవతో వేట చేస్తాం. 5 హార్స్‌పవర్ మోటారు ఎదురుగాలికి లాగడం లేదు. 15 పెట్టొచ్చా?
– ఓ పాఠకుడు, ఆళ్లగడ్డ

జవాబు: తొందరపడకండి. అడుగు గుండ్రంగా ఉన్న పడవైతే, ఎంత పెద్ద మోటారు తగిలించినా గంటకు 10 కిలోమీటర్ల దగ్గర మొండికేస్తుంది. మిగతా బలమంతా అలలు లేపడానికే పోతుంది, పెట్రోలు ఖర్చు మీకు! ముందు మోటారు ఫ్యాను (ప్రొపెల్లర్) మార్చి చూడండి. వలలు, ఐసు పెట్టెలతో బరువెక్కిన పడవను తక్కువ పిచ్ (ఒక్క చుట్టుకు తక్కువ దూరం తోసే) ఫ్యాను బాగా లాగుతుంది.

అడుగు చదునుగా ఉంటే పెద్ద మోటారు అక్కరకొస్తుంది. అప్పుడైనా నా ఓటు 9.9కే. ఫోర్‌స్ట్రోక్ 15 దాదాపు 50 కిలోలు తూగుతుంది. మోటారు బిగించే వెనక పలక ఇప్పటికే వణుకుతుంటే ఆ ఊసే వద్దు. పలక ఎత్తు కొలవకుండా బేరమాడకండి: 15 అంగుళాలైతే షార్ట్ షాఫ్ట్, 20 అయితే లాంగ్ షాఫ్ట్ అడగండి.