రెండు స్పీకర్ల స్టీరియోకు మంద్రధ్వని పేటికను జతపఱచు విధము

మంగళంపల్లి బాలమురళీకృష్ణగారు 1930వ సంవత్సరము జూలై 6వ తేదీన మన కోనసీమలోని శంకరగుప్తమునందు జన్మించిరి. గాత్రమునందేగాక వయొలా, మృదంగముల వాదనమందును వారు నిపుణులు. రాయవరములో నైనను మఱెక్కడనైనను వారి కచేరీల రికార్డులను చిన్న స్పీకర్లపై వినువారు గాత్రమును చక్కగా విందురు, వయొలీనును విందురు, మృదంగము కుడిమూత పలుకులను విందురు. ఎడమమూతయగు తొప్పి మాత్రము సన్నగిల్లి, కేవలము దెబ్బగా తోచునేగాని నాదముగా వినబడదు. రికార్డులు విని సాధన చేయు బాలురకు ఇది స్వల్పలోపము కాదు. ఎడమచేతి పనిని వారు చూడను లేరు, వినను లేరు. కుడిచేతి పాఠమునే సగము విద్యగా నేర్చి, అదియే సమస్తమనుకొందురు. ఈ కొఱతను తీర్చుటకే సబ్‌వూఫరు అను మంద్రధ్వని పేటికను స్టీరియోకు చేర్తురు. దానిని చేర్చుట సులభము. ఇముడునట్లు చేర్చుట మాత్రము కొంత శ్రమతో కూడినది.

మృదంగ నాదమును గూర్చి సర్ సి. వి. రామన్‌గారు 1920లోను, మరల 1934లోను వ్యాసములు ప్రకటించిరి. వారు బాల్యమున విశాఖపట్టణమందు చదివినవారు. కుడిమూతపై నున్న కరణి వలన ఆ చర్మము తంత్రివలె శ్రుతిబద్ధమైన స్వరముల నిచ్చునని వారు నిరూపించిరి. ఎడమమూతకు వాద్యకారుడు కచేరీకి ముందు రవ్వముద్దను అంటించును. బరువు పెరిగిన చర్మము మెల్లగా కంపించును, నాదము మంద్రమగును.

మన చెవి సెకనుకు సుమారు 20 కంపనములు మొదలు 20,000 కంపనముల వఱకు వినగలదు. సెకనుకొక కంపనమును ఒక హెర్ట్జు అందురు. ధ్వని మంద్రమైన కొలది స్పీకరు ఎక్కువ గాలిని కదల్పవలెను. కంపనముల సంఖ్య సగమైనచో, అంతే బలముగ వినిపించుటకు నాలుగురెట్ల గాలిని త్రోయవలసియుండును. అయిదంగుళముల స్పీకరునకు అంత శక్తి యెక్కడిది? అందుచేతనే వేఱు పేటిక, వేఱు ఆంప్లిఫైయరు అవసరమైనవి.

రెండు స్పీకర్ల పద్ధతికి మూలమగు పేటెంటు దరఖాస్తును అలన్ బ్లుమ్లైన్ అను ఆంగ్ల ఇంజనీరు 1931లో దాఖలు చేసెను. ధ్వని యే దిక్కునుండి వచ్చుచున్నదో తెలియుటయే స్టీరియో ప్రయోజనము. అట్లయిన మంద్రధ్వనికి ఒక్క పేటిక యెట్లు చాలునని మీరడుగవచ్చును. సుమారు 80 హెర్ట్జులకు దిగువ అల మిక్కిలి పొడవు. గదిలో నది వచ్చు దిక్కును చెవి గుర్తింపజాలదు. కనుక ఒక్కటి చాలును.

ఇక జతపఱచుట. ముందుగా అన్నింటి విద్యుత్తును నిలిపివేయవలెను. ఆంప్లిఫైయరునకు సబ్‌వూఫరు ద్వారమున్నచో ఒక్క తీగతో పని తీరును. పాత ఆంప్లిఫైయర్లకు తఱచుగ నది యుండదు. అప్పుడు సబ్‌వూఫరు వెనుక హై లెవెల్ ద్వారమున్నచో, స్పీకరు తీగలు తగిలించిన చోటనే మఱియొక జత తీగలను తగిలించి దానికి తేవచ్చును. ఎఱుపునకు ఎఱుపు, నలుపునకు నలుపు తప్పక సరిపోవలెను.

తరువాత క్రాసోవరు. సబ్‌వూఫరు ఏ హెర్ట్జుకు దిగువనుండి పలుకవలెనో ఈ మీట నిర్ణయించును. చిన్న స్పీకరు 70 హెర్ట్జులకడ బలహీనమగునేని, మీటను ఆ చెంతనే యుంచవలెను. ఎక్కువ పైకి త్రిప్పినచో రెండును ఒకే స్వరమును పలికి ధ్వని ముద్దయగును. నాకు తెలిసిన సులభ పరీక్ష యొకటి కలదు: వార్తలు చదువు గొంతును పెట్టి వినుడు. అది సబ్‌వూఫరునుండి కూడ బొంగురుగా వచ్చుచున్నచో, మీట మిక్కిలి పైనున్నదన్నమాట.

ఫేజు అను చిన్న స్విచ్చిని చాలమంది తాకనే తాకరు. ఇద్దరొక ఉయ్యెలను ఊపునప్పుడు ఒకడు త్రోయుచుండగా రెండవవాడు లాగినచో ఉయ్యెల కదలదు. స్పీకరును సబ్‌వూఫరును అట్లే పరస్పరము చెఱుపుకొనవచ్చును. క్రాసోవరు చెంత నొక స్థిరనాదమును వినిపించుచు, మీరు కూర్చుండు చోటనే యుండి, మఱియొకరిచేత స్విచ్చిని 0 నుండి 180కి మార్పింపుడు. ఏది బిగ్గఱగా వినబడునో అదియే సరియైనది.

అన్నిటికంటె ముఖ్యము పేటికను ఉంచు చోటు. ధ్వని సెకనుకు సుమారు 345 మీటర్లు పోవును, కనుక 34.5 హెర్ట్జుల అల పొడవు 10 మీటర్లు. 5 మీటర్ల గదిలో ఆ అల యెదురెదురు గోడలకు తగిలి నిలిచిపోవును. గోడలయొద్ద నాదము హోరెత్తును, నట్టనడుమ ఇంచుమించు ఏమియు వినబడదు. 69 హెర్ట్జులకడ దీనికి భిన్నముగా నడుమ బలము, గోడకును నడుమకును మధ్య లోటు. అందువలన ఒకే రికార్డు ఒక కుర్చీలో గంభీరముగను మఱియొక కుర్చీలో వట్టిగను తోచును. ఉపాయమేమన, పేటికను మీరు కూర్చుండు చోట నుంచి, మంద్రస్వరములు పెక్కుగల పాటను పెట్టి, మీరు గోడలవెంట వంగి తిరుగుచు వినవలెను. స్వరములన్నియు సమముగ వినబడిన చోట పేటికను నిలుపవలెను. పేటికయు శ్రోతయు చోట్లు మార్చుకొన్నను ఫలము ఒకటియే యగుట ధ్వనిశాస్త్ర నియమము. ఇంటివారు చూచి నవ్వుదురు, నవ్వనిండు.

డాబా గదిలో హోరెత్తిన పేటిక పాత మండువా యింటిలో బలహీనమైనట్లు తోచును. నడుమ ఆకాశము తెఱచియుండుటచే మంద్రనాదము తిరిగి రాదు. అందుకు పేటికను అమ్మినవారిని నిందింపరాదు.

కడకు బలము. మీరు నిత్యము వినునంత గట్టిగనే సంగీతమును పెట్టి ఈ మీటను సరిచేయవలెను. మెల్లగా పెట్టినప్పుడు చెవి మంద్రధ్వనిని తక్కువగా గ్రహించును. ఈ సంగతిని ఫ్లెచర్, మన్సన్ అనువారు 1933లో కొలిచి చూపిరి. సబ్‌వూఫరున్నదని పాట పొడుగునను తెలియుచున్నచో బలము హెచ్చినదనియే యెఱుగవలెను. తొప్పి మ్రోగినప్పుడు మాత్రమే అది యుండి, గాత్రమొంటరిగా సాగునప్పుడు లేనట్లుండవలెను.

మంద్రధ్వని గోడలలోనుండి పొరుగింటికి పోవును. తలుపు మూసినను ఆగదు. పొరుగున జబ్బుతో పడుకొన్నవారికి పాట వినబడదు, దడదడ మాత్రము చేరును. మన దేశమున 2000వ సంవత్సరపు శబ్దకాలుష్య నియమముల ప్రకారము నివాసస్థలములందు పగలు 55, రాత్రి 45 డెసిబెళ్లు పరిమితి. అయితే ఆ కొలత చెవి పోలికను అనుసరించునది. 63 హెర్ట్జులకడ 26 డెసిబెళ్లను తగ్గించి చూపును. కొలయంత్రము మంచిదన్నంతమాత్రమున పొరుగువారు నిద్రపోవుచున్నారనుకొనరాదు. రాత్రి పదిగంటలకు సబ్‌వూఫరు స్విచ్చిని ఆపి చిన్న స్పీకర్లతోనే వినుట మా యింటి నియమము. అప్పుడును తొప్పి కావలసిన విద్యార్థికి హెడ్‌ఫోను కలదు. మంచిదైనచో అది 30 హెర్ట్జుల వఱకు దిగి పలుకును, ప్రక్కయింటికి చిఱుసడియైనను చేరదు.