నిమ్మరసమును అల్లము, ఏలకులతో పానకముగ నిలువచేయు విధము

నిమ్మతోట గల రైతునకు ఏటేట ఎదురగు చిక్కు యొకటి కలదు. జనవరి, ఫిబ్రవరి మాసములలో వచ్చిన పూత జూన్ మొదలు సెప్టెంబరు వరకు ఒక్కుమ్మడిగా కోతకు వచ్చును. అవి వానదినములు, దాహము తక్కువ, నిమ్మ నడుగువారును తక్కువ. గూడూరు, పొదలకూరు, తెనాలి, నకిరేకల్ బజారులకు బస్తాలు పోటెత్తును. కోతకూలి, గోనెసంచి, బండికిరాయి పోగా మిగులునది లేక, కాయలను చెట్టుక్రిందనే విడిచిపెట్టు రైతులు గలరు. ఆ నిమ్మకాయయే మార్చి మొదలు మే వరకు కాయల లెక్కన అమ్ముడుపోవును. కావున చవుకదినముల రసమును ప్రియమైన దినముల వరకు చెడకుండ నిలుపుటయే ఇందు ముఖ్యము. తోటలోని పంట నంతయు ఇట్లు చేయుట సాధ్యము కాదు, అవసరమును కాదు. బేరగాండ్రు తీసివేయు చిన్నకాయలును, గజ్జితెగులుచే పైతోలు మచ్చపడిన కాయలును ఇందుకు చాలును. ఆ మచ్చలు తోలునకే గాని రసమునకు దోషము తేవు. కుళ్లినవి, పగిలినవి మాత్రము పనికిరావు.

మద్యసారమా, చక్కెరయా

ఐరోపాలో పండ్లతొక్కలను, సుగంధద్రవ్యములను శుద్ధమైన మద్యసారమున నానవేసి, పాకము కలిపి నిలువచేయు వాడుక చిరకాలముగ నున్నది. ఇటలీవారి లిమోంచెల్లో యను నిమ్మపానము అట్టిదే. అది విని, ఇంటనే సారా దించి అందు పండ్లు నానవేయుదమని తలచువారు లేకపోలేదు. అనుమతి లేక సారా కాచుట ఆంధ్రప్రదేశ్ ఎక్సైజు చట్టము, 1968 ప్రకారము నేరము. చట్టము మాట యటుండగా, బయట దొరకు కల్తీసారా కొని వాడుట మరింత ప్రమాదము. అందు పరిశ్రమలలో వాడు మిథైలు ఆల్కహాలు కలిసియున్నచో రంగుచేత గాని రుచిచేత గాని కనిపెట్టుట అసాధ్యము. కొద్ది గుటకలకే చూపు పోవచ్చును; ప్రాణమును పోవచ్చును.

రసము నిలుచుటకు మద్యమే కావలెనను నియమము లేదు. పూర్వము సముద్రయానము చేయు నావికులకు చిగుళ్లు వాచి, నెత్తురు కారి, ప్రాణములు తీయు స్కర్వీ యను వ్యాధి వచ్చుచుండెను. నారింజ, నిమ్మజాతి పండ్లచే అది కుదురునని 1747లో జేమ్స్ లిండ్ అను వైద్యుడు ఓడమీదనే పరీక్షించి చూపెను. అటుపిమ్మట ఓడలలో రసము నిలువయుంచిరి. అది చెడకుండుటకు మద్యము కలుపుచుండిరి. 1867లో స్కాట్లండు దేశమందలి లీత్ రేవునకు చెందిన లాఖ్లన్ రోజ్ అను వర్తకుడు, మద్యము బదులు చక్కెరతో నిమ్మరసమును నిలువచేయు పద్ధతికి పేటెంటు పొందెను. ఆ యేడే బ్రిటిషు వాణిజ్యనౌకలలో పనివారికి నిమ్మరసము ఇచ్చితీరవలెనని చట్టమయ్యెను. ఇచట చెప్పబోవు పానకమును ఆ కోవలోనిదే.

చక్కెర నిలుపుటకు కారణము సులభముగ తెలియును. ఊరగాయజాడీలో తడిగరిటె పెట్టిన బూజుపట్టుట యెల్ల యిల్లాండ్రు నెరుగుదురు. సూక్ష్మజీవులు పెరుగుటకు విడిగానున్న నీరు కావలెను. ఉప్పుగాని చక్కెరగాని ఆ నీటిని తనతో బంధించుకొనును. నూటికి 65 పాళ్లు, అంతకు మించి చక్కెరయున్న పాకము తనంతట తానే నిలుచును. కాని అంత తీపి త్రాగుటకు వెగటు. కాన చక్కెరను నూటికి 50 పాళ్లకు తగ్గించి, నిమ్మలోని పులుపును, కొద్దిపాటి రక్షకద్రవ్యమును తోడుచేసికొనవలెను.

చేయు విధము

కాయలను కడిగి, తడి యార్చి, అడ్డముగ కోసి పిండవలెను. కడచుక్క వరకు పిండవలెనను ఆశ తగదు. గింజలు నలిగినను, తొక్కలోపలి తెల్లనిభాగము నలిగినను అందలి చేదు రసములోనికి దిగును. అది పిండిన వెంటనే తెలియక, కొన్నిదినములకు బయటపడుట మోసకరము. మెల్లగ పిండిన కిలో కాయలకు సుమారు 350 నుండి 400 మిల్లీలీటర్ల రసము వచ్చును. ఇనుప, రాగి, ఇత్తడి పాత్రలు పనికిరావు. పులుపు వానిని తినివేయును. రాగి స్పర్శచే రసములోని సి విటమినును నశించును. స్టెయిన్‌లెస్ స్టీలు, గాజు, పింగాణి పాత్రలే తగినవి.

లీటరు రసమునకు రెండు కిలోల చక్కెర, లీటరు నీరు కొలత. అల్లము 100 గ్రాములు, ఏలకులు పది, లవంగములు నాలుగు, మిరియములు పది చాలును. లవంగము హెచ్చినచో నిమ్మవాసన అణగిపోవును. అల్లము మంటిలో పెరుగునది గనుక మంటిలోని సూక్ష్మజీవులును దానితో వచ్చును. చెక్కుతీసి, పలుమారులు కడిగి దంచి పిండవలెను. ఆ రసమును అరగంట కదపక యుంచిన అడుగున తెల్లని పిండి దిగును. దానిని విడిచి పైతేటను మాత్రము వాడవలెను. లేనిచో సీసాలో బురదవలె మడ్డి నిలుచును.

చక్కెరను నీటిలో కరగించి పొయ్యిమీద పెట్టి, పొడిచేసిన సుగంధద్రవ్యములను గుడ్డలో మూటగట్టి అందు వేయవలెను. ఒక చెంచాడు నిమ్మరసము చేర్చిన చక్కెరలోని మలినము తెట్టుగ పైకి వచ్చును, దానిని తీసివేయవలెను. అల్లపుతేటను పోసి, ఐదునిమిషములు మరగనిచ్చి, దించి వడగట్టవలెను. పాకము పూర్తిగ చల్లారిన పిమ్మటనే నిమ్మరసము కలుపవలెను. వేడిలో కలిపిన రసము కాచిన రుచి పట్టును. తొందరచే ఈ తప్పు చేయువారే యెక్కువ.

తుదకు రెండు గ్రాముల పొటాషియం మెటాబైసల్ఫైటును కొంచెము నీటిలో కరగించి కలుపవలెను. ఆహారములో వాడదగిన రకమే కొనవలెను. చేతి యంచనాతో గాక, గ్రాములు తూచు త్రాసుతో తూచవలెను. దీనినుండి వెలువడు గంధక వాయువే సూక్ష్మజీవుల నణచును. పాకము వేడిగనున్నచో ఆ వాయువు ఎగిరిపోయి మందు వ్యర్థమగును. ఉబ్బసము గలవారికి ఈ ద్రవ్యము పడకపోవచ్చును. వారికి మందు కలుపక అప్పటికప్పుడు చేసి యిచ్చుట మేలు. పై కొలతకు సుమారు మూడు లీటర్లకు పైగా పానకము వచ్చును. ఒక పాలునకు మూడు నాలుగు పాళ్లు నీరు చేర్చి త్రాగవలెను.

బెల్లముతో చేయరాదాయని యడుగుదురు. శ్రీరామనవమినాటి పానకమునకు బెల్లమే సొగసు; అది ఆ పూటకే. బెల్లములోని మలినములచే నిలువపానకము నల్లబడి త్వరలో పులియును.

తేటయైన పానకము కావలయునన్నచో ఓపిక వలయును. లీటరు రసమునకు మెటాబైసల్ఫైటు ఒక గ్రాము కలిపి, సీసాలను మెడవరకు నింపి, చీకటి చోట నెలకు పైగా కదపక యుంచిన గుజ్జు అడుగునకు దిగును. పైతేటను సన్నని గొట్టముతో తీసి పైవిధమున పాకము కలిపి, మిగిలిన గ్రాము మందును అప్పుడు చేర్చవలెను. రెండుమారులు కలిపినను మొత్తము రెండు గ్రాములు మించరాదు.

సీసాలు, ఇతర పండ్లు

సీసాలను చన్నీటిలో నుంచి, ఆ నీటిని క్రమముగ కాచి, అరగంట మరగనిచ్చి, బోర్లించి ఆరనీయవలెను. సలసలకాగు నీటిలో ఒక్కమారు వేసిన పగులును. పైన రెండంగుళముల ఖాళీ విడిచి నింపి, మరగించిన బిరడా బిగించి, మైనము పూయవలెను. లోపలిపూత లేని ఇనుపమూతలు పులుపునకు త్రుప్పుపట్టును. వెలుతురు తగిలిన పానకము గోధుమవన్నెకు తిరుగును. నురుగు పుట్టినను, బిరడా పైకి పొడుచుకొని వచ్చినను అది పులిసినదని గుర్తు. పారబోయవలెను, తిరిగి కాచి వాడరాదు.

బత్తాయికి పులుపు చాలదు గనుక సిట్రికామ్లము చేర్చవలెను. దాని రసము నిలువలో చేదెక్కును గాన కొద్దిగ చేసి త్వరలో వాడుటయే మేలు. నేరేడు వంటి రంగుపండ్లకు మెటాబైసల్ఫైటు కూడదు. ఆ యూదారంగే వెలిసిపోవును. వానికి, తయారైన లీటరు పానకమునకు సోడియం బెంజోయేటు 0.7 గ్రాము వాడుదురు.

ఇంటివాడుకకు మించి అమ్మదలచినవారు ఆహార భద్రత, ప్రమాణముల చట్టము, 2006 ననుసరించి ముందుగ నమోదు చేయించుకొనవలెను. స్క్వాషు అను పేరుతో అమ్ము సరకున పండ్లరసము నూటికి 25 పాళ్లకు తగ్గరాదు; పై కొలత దానికి సరిపోవును. చేసిన తేదీని, కలిపిన రక్షకద్రవ్యము పేరును చీటీపై వ్రాయవలెను. విప్పిన సీసాను చల్లని చోట నుంచి, ఒక నెలలోపల ముగించవలెను.