ఒక ఇంగ్లీషు విశేషణమును గూర్చి మేనల్లునకు



నీవు పంపిన వ్యాసము సాంతము చదివితిని. గ్రామమున గ్రంథాలయము నెలకొల్పుటకై తనకున్న రెండెకరముల మాగాణిని అమ్మివేసిన ఆ ఉపాధ్యాయుని ఇంగ్లీషువారి మాటతో క్విక్సాటిక్ మనుష్యుడంటివి. ఆయనయెడ నీకుగల గౌరవము ప్రతిపంక్తియందును కానవచ్చుచున్నది. కాని ఆ విశేషణమున మన్ననతోపాటు నిందయు కలదు నాయనా, అచ్చునకు పంపకముందు ఒకింత యోచింపుము.

స్పెయిను దేశీయుడైన సెర్వాంటిస్ 1605లోను, 1615లోను రెండు భాగములుగా ప్రకటించిన గ్రంథమునకు డాన్ క్విక్సోట్ నాయకుడు. ఆ పేరును స్పెయినువారు నేడు కిహోతే అందురు. ఇంగ్లీషువారు దానిని తమ అక్షరముల పోకడననుసరించి పలికి, 18వ శతాబ్దమునాటికి విశేషణముగా చేసికొనిరి. లా మాంచా సీమయందలి ఆ బీద పెద్దమనిషి, వీరగాథలను రేయింబవళ్లు చదివి చదివి మతి చలించి, తాతలనాటి తుప్పుపట్టిన కవచము తొడిగి, బక్కచిక్కిన గుఱ్ఱమునెక్కి, లోకమునందలి అన్యాయమును రూపుమాపుటకు బయలుదేరును. గాలిమరలను రాక్షసులని భ్రమించి ఎదిరించిన ఘట్టమును ఎల్లరు నెఱుగుదురు; అంతటితో నవ్వుకొని పుస్తకము మూసినవారికి ఆ మాట సగమే తెలిసినదని నా నిశ్చయము.

తక్కిన సగము ఆంద్రేస్ అను గొఱ్ఱెలకాపరి కుఱ్ఱని కథలో నున్నది. యజమాని వానిని చెట్టునకు కట్టి తోలుపటకాతో కొట్టుచుండగా మన వీరుడు అడ్డుపడి, కట్లు విప్పించి, బాకీపడిన జీతము చెల్లింతునని యజమానిచేత ఒట్టు పెట్టించుకొని, ధర్మము నిలిచినదని పొంగిపోవుచు సాగిపోవును. ఆయన కనుమరుగైన క్షణమే యజమాని ఆ పిల్లవానిని మరల కట్టి చావగొట్టును. కొంతకాలమునకు దారిలో ఎదురుపడిన ఆ కుఱ్ఱడు, నన్నెవరు ముక్కలుముక్కలుగా నరుకుచున్నను ఇక నాకు సాయము రావలదని ఆయనను వేడుకొని, శపించి పోవును. సెర్వాంటిస్ వీరత్వమును ఎఱుగక పరిహసించినవాడు కాడు. 1571లో లెపాంటో యుద్ధమున ఎడమచేయి చెడి, పిదప అల్జీర్సులో ఐదేండ్లు చెరయనుభవించినవాడు.

కావున స్వార్థముతో సాహసించువానికి ఈ విశేషణము చెల్లదు, ఉత్త మూర్ఖునకును చెల్లదు; ధర్మబుద్ధి నిండుగానుండియు, తన చేతవలన ఎదుటివారికేమి సంభవించునో చూడనివానికే చెల్లును. నీ ఉపాధ్యాయుడు పొలమమ్మి గ్రంథాలయము కట్టించినాడనియే వ్రాసితివి గాని, ఆ తలుపులు నేడు తెఱచియున్నవో లేదో, పిల్లలు వచ్చి చదువుచున్నారో లేదో, ఆయన యింటివారు ఎట్లు బ్రతుకుచున్నారో నీ వ్యాసమున లేదు. ఒకమారు ఆ యూరికి పోయి కనుగొని రమ్ము. ఆ మాటను ఉంచుటయో కొట్టివేయుటయో అటుపిమ్మట చేయవచ్చును.

ఇట్లు,
మీ మామయ్య