స్వంత గుర్తు – పరుల కన్ను

విద్యార్థులారా! చాకలి నల్లజీడి రసముతో బట్టమూలను వేయు గుర్తును గూర్చి మీ యవ్వలను అడిగి తెలిసికొనుడు. దానియందు సొగసేమియు లేదు. రెండు చుక్కలు, ఒక గీత, ఒక కొక్కెము, అంతే. ఐనను నూఱిండ్ల బట్టలు ఒకే రేవున తడిసినను ఒకరి పంచె మఱియొకరి యింటికి పోదు. మన కనిగిరి మెట్టపొలములలో మేయు గొఱ్ఱెల వీపులపై కాపరులు వేయు రంగుచారయు నిట్టిదే. రెండు మందలు కలిసిపోయినప్పుడు వానిని విడదీయుటకు అది చాలును. చూచినవాడు గుర్తింపవలెను గనుకనే దానికి గుర్తను పేరు వచ్చినది.

నేడు ఎవరి కొలువునందును చేరక, తమ యింటనే కూర్చుండి శుభలేఖలును, దుకాణపు బోర్డులును, ఫ్లెక్సీలును కంప్యూటరుపై గీచి యిచ్చి జీవించు యువకులు మన యూళ్లలోను బయలుదేరిరి. వారిని ఫ్రీలాన్సు డిజైనర్లందురు. ఊరివారి దుకాణములకు గుర్తులు కల్పించువాడు తనకును ఒక గుర్తు కల్పించుకొనవలసి యుండును. దీనినే లోగో యందురు. అట్టివానికి వేఱే యంగడి లేదు. ఆ గుర్తే వాని వాకిలి.

నా పూర్వవిద్యార్థి యొకడు మూడేండ్ల క్రిందట ఈ వృత్తిలో దిగెను. తన పేరులోని ధకారమును, ఇంటిపేరులోని పకారమును పెనవేసి, వాని నడుమనుండి చిత్రకారుని కుంచె యొకటి పైకి లేచునట్లు గీచి తెచ్చి నాకు చూపెను. “బాగుందా సారూ?” అనెను. నేను “చాల బాగుంది నాయనా” అంటిని. వానిపై నాకు ప్రేమ మెండు. ఆ బొమ్మను మాత్రము నేను అర నిమిషమైనను చూడలేదు. వాని తల్లియు మెచ్చెను. స్నేహితులు వాట్సాపులో బొటనవ్రేళ్లు చూపిరి. వాడు ఐదువందల కార్డులు అచ్చు వేయించి, వీధివైపున బోర్డు కట్టెను.

పదునైదు దినములకు పొరుగూరి రైతొకడు వాని గడపలో నిలిచి, “పెండ్లి పెట్టుకున్నామయ్యా, మూడువందల మందికి వండేదానికి ఎంత తీసుకుంటారు?” అని యడిగెను. కుంచె ఆయన కన్నులకు గరిటెగాను, చుట్టలు తిరిగిన యక్షరములు వంటపాత్రగాను కనబడెను! వాడు ఈ సంగతి నాతో చెప్పునప్పుడు నేను నవ్వితిని, వాడు నవ్వలేదు. ఆ కార్డులకును బోర్డునకును పెట్టినది అప్పు తెచ్చిన సొమ్మని అప్పుడు తెలిసినది. ఆ యప్పులో నా “చాల బాగుంది” కొంత భాగము గలదని నేటికిని తలచుచుందును.

ఎక్కడ పొరబాటు జరిగినది? మొదటి పొరబాటు ప్రశ్నలోనే యున్నది. “బాగున్నారా” యని యడిగినవానికి జ్వరముతో నున్నవాడును “బాగున్నాము” అని చెప్పుట మన మర్యాద. “బాగుందా” యని బొమ్మ చూపినవానికిని అదే మర్యాద జరుగును. అడిగినవాడు కన్నకొడుకో శిష్యుడో యైనచో చెప్పనేల? చిత్రము గీచిన బిడ్డను మెచ్చుకొను తలిదండ్రులను నేను తప్పుపట్టను. కాని ఆ బిడ్డ పెరిగి ఆ చిత్రము మీదనే అన్నము తినవలసి వచ్చినప్పుడు ఆ మెప్పు చాలదు.

గ్రీకు చిత్రకారుడగు అపెల్లీసును గూర్చి ప్లినీ యను రోమీయుడు వ్రాసిన కథ యొకటి కలదు. అపెల్లీసు తన చిత్రములను బాటసారులకు కనబడునట్లుంచి, తాను వాని వెనుక దాగి వారి మాటలు వినువాడట. చెప్పులు కుట్టువాడొకడు చిత్రములోని చెప్పునకు పట్టె యొకటి తక్కువయ్యెననగా అపెల్లీసు సవరించెను. మఱునాడు వాడే వచ్చి కాలిని గూడ తప్పుపట్టగా, చెప్పును దాటి తీర్పు చెప్పవలదని చిత్రకారుడు మందలించెనట. ఈ కథ చెప్పువారు చివరి మాటనే మెచ్చుకొందురు. నాకు మాత్రము చిత్రము వెనుక దాగుటయే ముఖ్యముగా తోచును. గీచినవాడు ఎదుట నిలిచియుండగా చెప్పులవాడు మొదటి తప్పునైనను చెప్పియుండునా?

మా పిల్లవాడు దాగుటకు చోటు లేదు గనుక మేము వేఱొక యుపాయము చేసితిమి. ఆ గుర్తును రూపాయి బిళ్లయంత చేసి, రంగులు తీసి, నలుపు తెలుపులలో ఒక కాగితముపై అచ్చు వేసితిమి. వాని నెఱుగనివారికి, అనగా కొట్టు యజమానులకును, శుభలేఖలకై ప్రెస్సునకు వచ్చిన పెండ్లిపెద్దలకును, దానిని మూడు లెక్కించునంత సేపు చూపి, వెంటనే మూసి, “ఏమి చూచితిరి? ఇది ఏ పనివాని గుర్తై యుండును?” అని మాత్రమే యడుగవలెనని నిశ్చయించితిమి. గుర్తు తనదని వాడు చెప్పరాదు. విడమఱచి చెప్పుటకు నోరు తెఱవరాదు. వారి మాటలను వారు పలికినట్లే పుస్తకములో వ్రాసికొనవలెను. నోరు తెఱవకుండుటయే వానికి మిక్కిలి కష్టమయ్యెను.

పండ్రెండుగురిలో ఏడుగురు గరిటె యనిరి. ఇద్దరు నత్త యనిరి. ఒక ముసలామె, “దీపం స్తంభమేమో నాయనా” అనెను. అక్షరములను చదివినవారు ఇద్దరే. ఆ యిద్దరును తప్పుగనే చదివిరి.

తప్పు చదువుటకు కారణము మన లిపిలోనే యున్నది. దకారమునకు అడుగున చిన్న గీత చేర్చిన ధకారమగును. చఛలకును, డఢలకును భేద మిట్టిదే. బొమ్మను చిన్నది చేయగా మొట్టమొదట మాయమగునది ఆ గీతయే. పకారము ఎడమవైపున తెఱచియుండును, వకారము మూసియుండును. సిరా కొంచెము ప్రాకినచో ఆ సందు పూడి పకారము వకారమగును. ఇంగ్లీషు పెద్దక్షరములను ఒకదానిలో నొకటి యిమిడ్చి గుర్తు చేయుట సులభము. జర్మను చిత్రకారుడు డ్యూరరు తన ఏ అక్షరము కాళ్ల నడుమ డీ అక్షరమును నిలిపిన గుర్తు ఐదువందల యేండ్లు దాటినను తెలియుచునే యున్నది. మన యక్షరములు గుండ్రనివి. వానిని పెనవేసినచో చూచువానికి చుట్టలే మిగులును.

రంగులలోను ఒక చిక్కు కలదు. వాడు పచ్చనినేలపై ఎఱ్ఱని యక్షరములు వేసియుండెను. జిరాక్సులో రెండును ఒకే బూడిదరంగయ్యెను. ఎఱుపు పచ్చలను వేఱుపరచి చూడలేని కన్నులు కొందఱికి పుట్టుకతోనే యుండును. వారిలో పురుషులే యెక్కువ.

ఎఱుపు పచ్చలనగా మన తెలుగువాని చేతిలో రూపొందిన జెండా కథ జ్ఞప్తికి వచ్చుచున్నది. ఒక గుర్తు పరుల మాటలచేత ఎట్లు మాఱునో తెలిసికొనుటకు అంతకు మించిన పాఠము లేదు. కృష్ణామండలములోని భట్లపెనుమఱ్ఱు వాస్తవ్యులగు పింగళి వెంకయ్యగారు 1916లోనే జాతీయపతాకమునకు ముప్పది నమూనాలతో చిన్న గ్రంథమును ప్రకటించిరి. 1921లో బెజవాడయందు అఖిల భారత కాంగ్రెసు సంఘము సమావేశమైనప్పుడు గాంధీగారు వారిని ఎఱుపు పచ్చలపై రాట్నము గల జెండాను గీచి యిమ్మని కోరిరి. రాట్నపు సూచన జలంధరు వాసి లాలా హంసరాజుగారిది. వెంకయ్యగారు మూడు గంటలలో జెండాను సిద్ధపఱచినను సభకు సమర్పించు వేళ కొంచెము మించిపోయెను. ఆ యాలస్యము మేలే యయ్యెనని గాంధీగారు ఆ ఏప్రిలు 13వ తేది యంగ్ ఇండియా పత్రికలో వ్రాసిరి. ఎఱుపు హిందువులకును, పచ్చ మహమ్మదీయులకును గుర్తుగా నుండగా తక్కిన మతములవారికి చోటు లేదని మఱల యోచింపగా వారికి తోచినది. అందుచే తెలుపును చేర్చిరి. మా పిల్లవాని కార్డులకు అట్టి యాలస్యమొకటి తటస్థించినచో ఎంత బాగుండెడిది!

అంతటితో ముగియలేదు. తమ రంగు లేదని సిక్కులు అసంతృప్తి తెలిపిరి. 1931 ఏప్రిలులో కరాచీయందు ఏడుగురితో ఒక సంఘము నియమింపబడెను. దానిని నడపినవారు మన భోగరాజు పట్టాభి సీతారామయ్యగారే. ఆ సంఘము రాష్ట్ర కాంగ్రెసు సంఘములకు ప్రశ్నలు పంపెను. “జెండా బాగున్నదా” యని యడుగలేదు. ఏ వర్గమువారికైనను దీనిపై అసంతృప్తి కలదా, రూపములో లోపమేమైనను కలదా, సవరణ యేది యని యడిగెను. తుదకు, జెండా యంతయు కేసరివర్ణమున నుండి, మూలను గోధుమరంగు రాట్నము ఉండవలెనని ఆ సంఘము సలహా యిచ్చెను. ఆగస్టులో బొంబాయియందు అఖిల భారత కాంగ్రెసు సంఘము ఆ సలహాను అంగీకరింపలేదు. కాని ఫిర్యాదును త్రోసివేయలేదు. ఎఱుపు పోయి కేసరివర్ణము వచ్చెను. వరుస మాఱి తెలుపు నడుమకు చేరెను. రంగులు మతములకు గాక ధైర్యత్యాగములకును, శాంతిసత్యములకును, విశ్వాసశౌర్యములకును గుర్తులని ప్రకటింపబడెను. ఇందు నేను మిక్కిలి విలువగా నెంచు సంగతి యిదియే. ముల్లు ఎక్కడ గ్రుచ్చుకొన్నదో నడచినవాడే చెప్పగలడు. దానిని తీయు విధమును గూడ వాడే చెప్పగలడని యనుకొనరాదు.

1947 జూలై 22న రాజ్యాంగసభ రాట్నమునకు బదులు అశోకచక్రమును గ్రహించినప్పుడు నెహ్రూగారు చెప్పిన కారణములలో నొకటి కేవలము కంటికి సంబంధించినది. జెండాను రెండువైపుల నుండియు చూతురు గదా! రాట్నమును వెనుకనుండి చూచిన చక్రము ఒక ప్రక్కనుండి మఱియొక ప్రక్కకు పోవును. ఇరువదినాలుగు ఆకుల చక్రము ఎటు చూచినను ఒకటే. ఈ యేడు ఆటలపోటీలకు జట్టు గుర్తులు గీయువారు తమ కాగితమును వెలుతురునకు పట్టి వెనుకనుండియు చూడుడు. మార్కాపురపు రాతిపలక ఇంట మిగిలియున్నచో దానిపై బలపముతో ముందు గీయుడు. తుడిచివేయుటకు మనసు సులభముగా నొప్పును.

మా పిల్లవాని పుస్తకములో సలహాలును మెండుగా చేరినవి. ఒకరు కంప్యూటరు బొమ్మ వేయుమనిరి. ఒకరు ఏనుగును వేయుమనిరి. ప్రెస్సువారు పేరంతయు వ్రాయుమనిరి. వాడు ఏనుగును కంప్యూటరును విడిచి, పేరును పూర్తిగా తెలుగులో వ్రాసెను. పకారమును గుర్తునుండి తొలగించెను. ధకారము నొక్కదానినే పెద్దదిగా నిలిపి, ఏ చిన్న గీత మాయమగుచుండెనో ఆ గీతనే దళసరియైన కుంచెవ్రాతగా అడుగున దిద్దెను. ఇంతటి మాట పండ్రెండుగురిలో నెవరును చెప్పలేదు, నేనును చెప్పలేదు.

మొన్న సంక్రాంతికి వాడు మా యింటికి వచ్చి, కాగితము నొకదానిని మూడు లెక్కించునంత సేపు చూపి మూసి, “ఏం చూశారు సారూ?” అనెను. “ధ, కింద రంగు పూసిన గీత” అంటిని. వాడు “సరే” యని ఆ మాట పుస్తకములో వ్రాసికొని, వీధిచివరి కిరాణాకొట్టునకు పోయెను. మిగిలిన పాత కార్డులు నాలుగువందలకు పైగా నా బల్లసొరుగులో నున్నవి. వాని వెనుకవైపున మా యాఱవ తరగతి పిల్లలు లెక్కలు చేయుచున్నారు.