నోటు పుట్టిన దేశంలో నోటుకు నూకలు చెల్లినవా?

"డబ్బిస్తే కొండమీది కోతి దిగివస్తుంది" అని మనవాళ్ళ సామెత. చైనాలోని సిచువాన్ రాష్ట్రంలో ఎమెయ్ కొండమీద కోతులకు కొదవలేదు. కాని అదే దేశంలో ఒక విదేశీ యాత్రికుడు జేబులో డబ్బు పెట్టుకొని కూడా గిన్నెడు నూడుల్స్ కొనలేక తెల్లమొహం వేసిన సందర్భాలు ఎన్నో ఉన్నాయి. డబ్బు లేక కాదు, ఉన్న డబ్బు దుకాణదారు పుచ్చుకొనే రూపంలో లేక! ఈ పరిస్థితి ఎలా ఏర్పడింది, దీనికి విరుగుడేమిటి, ఇందులో మనకు పాఠమేమైనా ఉన్నదా అన్నది ఈ వ్యాసంలో పరిశీలిద్దాం.

పూర్వ చరిత్ర

ప్రపంచంలో ప్రభుత్వం జారీచేసిన మొదటి కాగితపు ద్రవ్యం సిచువాన్‌లోనే 1024లో వెలువడింది. దాని పేరు జియావోజి. అక్కడ చెలామణిలో ఉన్న ఇనుప నాణెముల బరువు మోయలేక వర్తకులే ముందుగా కాగితపు రసీదులు వాడటం మొదలుపెట్టారు. ఆ తర్వాత ప్రభుత్వం ఆ పని తన చేతిలోకి తీసుకుంది. 13వ శతాబ్దంలో మార్కోపోలో కుబ్లాయ్‌ఖాన్ రాజ్యంలో ఈ కాగితపు డబ్బును చూసి ఆశ్చర్యపోయాడు. మన మోటుపల్లి రేవును గురించి వ్రాసిన మార్కోపోలో ఇతడే. కాగితాన్ని పుచ్చుకోనన్నవాడికి ఆ కాలంలో మరణశిక్ష అని అతడు వ్రాశాడు. కాలం ఎంత మారిందో చూడండి!

కార్డును దాటి కోడ్‌కు

పాశ్చాత్య దేశాలు నోటునుంచి కార్డుకు, కార్డునుంచి ఫోనుకు మెట్లుమెట్లుగా వెళ్ళాయి. చైనాలో సామాన్యులు చాలావరకు మధ్య మెట్టు ఎక్కకుండానే పైకి దూకారు. 2004లో అలిపే వచ్చింది. ముక్కూమొహం తెలియని అమ్మకందారును నమ్మేదెలా అన్న చిక్కును అది తీర్చింది. సరుకు చేరేదాకా కొన్నవాడి సొమ్ము మధ్యవర్తి దగ్గరే ఉంటుందన్నమాట. 2013లో వీచాట్ పే వచ్చింది. 2014 నూతన సంవత్సర పండుగకు పెద్దలు పిల్లలకిచ్చే ఎర్ర కవరు కూడా ఫోనులోకి ఎక్కింది.

1994లో జపానులో మోటారు విడిభాగాల లెక్క కోసం కనిపెట్టిన క్యూఆర్ గుర్తు దీనికి సాధనమయింది. దుకాణదారుకు యంత్రం అక్కరలేదు. అచ్చువేసిన కాగితం ముక్క గోడకు అంటిస్తే చాలు. అందుకే కూరగాయల బండిదాకా వ్యాపించింది.

పరదేశికి వచ్చిన చిక్కు

ఈ ఖాతాలు చాలాకాలం చైనా బ్యాంకు ఖాతాతో ముడిపడి ఉండేవి. నాలుగు రోజులు చూసిపోయేవాడికి అక్కడ బ్యాంకు ఖాతా ఎవరిస్తారు? వీసా, మాస్టర్‌కార్డులు తీసుకునేది ఎక్కువగా పెద్ద హోటళ్ళలోనే. మిగతా చోట్ల 2002లో ఏర్పడిన స్వదేశీ యూనియన్‌పేదే రాజ్యం. పోనీ నోటు ఇద్దామంటే చిల్లర లేదంటారు.

చట్టరీత్యా నోటును తిరస్కరించరాదు. అక్కడి కేంద్ర బ్యాంకు 2020లో కూడా ఈ సంగతి మరోసారి ప్రకటించింది. అయితే చట్టం ఒకటి, గల్లాపెట్టెలో చిల్లర ఉండటం మరొకటి.

సడలింపులు

2019 నవంబరులో అలిపే విదేశీయులకు 90 రోజుల ముందస్తు చెల్లింపు కార్డు ఇచ్చింది. 2023 జులైనుంచి విదేశీ వీసా, మాస్టర్‌కార్డులను నేరుగా అలిపే, వీచాట్‌లకు జతపరచే వీలు కలిగింది. 2024 మార్చిలో ఒక్కో చెల్లింపు పరిమితిని 1,000 డాలర్లనుంచి 5,000కు, సంవత్సర పరిమితిని 10,000నుంచి 50,000 డాలర్లకు పెంచుతున్నట్లు ప్రకటించారు. విదేశీ కార్డుతో చేసే చెల్లింపు 200 యువాన్లు దాటితే 3 శాతం రుసుం ఉండే పద్ధతి పెట్టారు.

యాత్రికుడు చేయవలసినవి

1. ఇల్లు కదలకముందే రెండు యాప్‌లూ పెట్టుకొని, పాస్‌పోర్టు వివరాలిచ్చి, కార్డు జతపరచాలి. విమానం దిగాక చూద్దాంలే అనుకోరాదు.

2. మన కార్డులకు విదేశీ వాడకం సాధారణంగా ఆపివేసి ఉంటుంది. బ్యాంకుకు చెప్పి తెరిపించుకోవాలి. రహస్య సంఖ్య వచ్చేది మన దేశపు నంబరుకే కనుక ఆ సిమ్ పనిచేస్తూ ఉండాలి.

3. చెల్లింపు రెండు విధాలు. దుకాణదారు గుర్తును మనం స్కాన్ చేయవచ్చు, లేదా మన ఫోనులోని గుర్తును అతడు స్కాన్ చేస్తాడు. ఈ రెండవది మాటిమాటికీ మారుతుంటుంది. దాని ఫోటో ఎవరికీ పంపరాదు.

4. ఫోను చార్జింగు అయిపోతే పర్సు పోయినట్లే! బ్యాటరీ వెంట ఉండాలి. 10, 20 యువాన్ల నోట్లు కొన్ని జేబులో ఉండాలి.

మరి స్వీడన్ సంగతి?

స్వీడన్‌లోనూ నోటు కనబడటం అరుదు. 2012లో వచ్చిన స్విష్ అనే ఫోను చెల్లింపు అక్కడి బ్యాంకు ఖాతా ఉన్నవారికే. అయినా యాత్రికుడు అవస్థ పడడు. కారణం, సాధారణమైన విదేశీ కార్డు దాదాపు ప్రతి దుకాణంలోనూ చెల్లుతుంది. దీన్నిబట్టి తేలేదేమిటి? నోటు పోవడం అసలు సమస్య కాదు. నోటు పోయిన చోట కొత్తవాడికి వేరే తలుపు తెరిచి ఉన్నదా లేదా అన్నదే సమస్య.

మన మాట

2016లో యూపీఐ వచ్చాక మనమూ ఈ దారినే నడుస్తున్నాము. చార్మినార్ దగ్గర గాజులు కొనబోయిన విదేశీ వనితకూ ఇదే చిక్కు. 2023లో జి-20 సమావేశాల సందర్భంగా విదేశీయులకు యూపీఐ సౌకర్యం ఆరంభించడం మంచి పని.

కాని పరదేశి అంటే విమానంలో వచ్చినవాడేనా? స్మార్ట్ ఫోను లేని మన పల్లెటూరి నాయనమ్మ, కొంగున కట్టిన నోటుతో మందుల షాపు ముందు నిలబడి "ఫోన్‌పే లేదా అవ్వా?" అనిపించుకుంటే, ఆమె తన ఊళ్ళోనే పరదేశి అయిపోయినట్లు కాదా? చైనా ప్రభుత్వం కూడా 2020 నవంబరులో వృద్ధులకు ఇలాంటి ఇబ్బందులు తొలగించమని ఉత్తర్వులివ్వవలసి వచ్చింది.

డబ్బు విలువ దాని లోహంలోనో, కాగితంలోనో, ఫోనులోనో లేదు. ఎదుటివాడు పుచ్చుకోవడంలో ఉంది. ఈ సంగతి అర్థశాస్త్రం తరగతిలో మనం చదువుకున్నదే. రేపు బ్యాంకుల్లో, ప్రభుత్వ కార్యాలయాల్లో కూర్చోబోయేది మనలోవారే. కొత్త తలుపు తెరవండి, సంతోషం. పాత తలుపుకు మాత్రం తాళం వేయకండి!